టీము మనదే... గ్రౌండు ఎవురిది?

మదనపల్లె, పుంగనూరు, కుప్పం. ఈ మూడూళ్లల్లో ఫుట్‌బాల్ చూసే పిల్లోళ్లు బయటోళ్లు అనుకునేదానికంటే ఎక్కువ మందే ఉండారు. పగలు క్రికెట్ బ్యాటు పట్టుకున్నోడే అర్ధరాత్రి దాకా ఫోన్లో లివర్‌పూల్ మ్యాచ్ చూస్తాంటాడు. వాట్సాప్ స్టేటస్‌లల్లో మెస్సీ, రొనాల్డో కొట్లాట ఎప్పుడూ నడస్తానే ఉంటాది. వాళ్లల్లో చానా మంది నన్ను అడిగేది ఒకటే: "అన్నా, మనకి స్టేడియం ఎప్పుడొస్తాది? పర్మిషన్ యాడ ఆగిపోయింది?"

దీనికి "గవర్నమెంటోళ్లు ఇయ్యలేదు" అని ఒక్క ముక్కలో చెప్పేసి గమ్మునుండొచ్చు. దాంతో ఎవురికీ ఏం తెలీదు. స్టేడియం పర్మిషన్ అంటే ఏంది, అది అంత ఆలస్యం ఎందుకైతాది, అది లేని టీముకి ఏం గతి పడతాది, మనూర్లో మనం అడగాల్సింది ఏంది, ఇవన్నీ ఈడ రాస్తాండా. నా మాట ముందే చెప్పేస్తా. టీముకి మొదట కావలసింది కుర్చీలు, లైట్లు కాదు. కాళ్ల కింద నేల, ఆ నేలకి ఒక కాయితం. ఆ కాయితం ఎవురి చేతిలో ఉంటే టీము ఆయుస్సు వాళ్ల చేతిలో ఉన్నట్టే.

మనకి దగ్గరి టీముకే సొంత ఇల్లు లేదు

ఐఎస్ఎల్ టీముల్లో మనకి దగ్గరుండేది బెంగళూరు ఎఫ్‌సీ. కుప్పం స్టేషన్లో రైలెక్కితే మ్యాచ్ టైముకి ఆడుంటాం. మదనపల్లె నుంచి బస్సులున్నాయి. ఆ టీముకి పేరు తెచ్చిన సునీల్ ఛెత్రి పుట్టింది సికింద్రాబాదులో. 2013లో మొదలైన టీము, తొలి ఏడాదే ఐ-లీగ్ కొట్టింది. 2019లో ఐఎస్ఎల్ కూడా కొట్టింది. ఇన్ని కప్పులు కొట్టినా పెద్ద మ్యాచ్‌లు ఆడేదానికి సొంత స్టేడియం మాత్రం లేదు.

మొదటి ఏడాది మాగ్రత్ రోడ్డులో రాష్ట్ర ఫుట్‌బాల్ సంఘం గ్రౌండులో ఆడినారు. ఆ మీదట కంఠీరవ స్టేడియంకి పోయినారు. కంఠీరవ ప్రభుత్వానిది. మధ్యలో గడ్డి, చుట్టూ పరుగు పందేల ట్రాక్. ఫుట్‌బాలోళ్లకి మ్యాచ్ ఉంటే పరుగులోళ్లకి ప్రాక్టీసు లేదు. "ఇది మా ట్రాక్, మమ్మల్ని బయటికి తోసేస్తాండారు" అని అథ్లెటిక్స్ వాళ్లు హైకోర్టు దాకా పోయినారు. ఫుట్‌బాల్ అభిమానులకి కోపం వచ్చింది గానీ, పొద్దున అయిదింటికి లేసి పరిగెత్తే పిల్ల తావులో నిలబడి చూడండి. ఆ పిల్ల అడిగిందాంట్లో తప్పేముంది? ఒకటే గ్రౌండు ఇద్దరికి చూపించినప్పుడు కొట్లాట రాకుండా ఎట్ల ఉంటాది?

బాడిగ ఇంట్లో ఉండేవాళ్లకి ఈ కత కొత్త కాదు. ఓనరు మంచోడైనా సరే, గోడకి మేకు కొట్టాలన్నా అడగాల.

లివర్‌పూల్ పుట్టిందే బాడిగ గొడవలో

లివర్‌పూల్ అభిమానులకి ఒక సంగతి. మీరు గుడి మాదిరి చూసే యాన్‌ఫీల్డ్ గ్రౌండులో మొదట ఆడింది లివర్‌పూల్ కాదు, ఎవర్టన్. 1884 నుంచి ఎవర్టన్ వాళ్లు ఆడ ఆడతా ఉన్న్యారు. గ్రౌండు వ్యవహారం చూసే జాన్ హౌల్డింగ్ అనే ఆయనకీ, క్లబ్బు వాళ్లకీ బాడిగ కాడ తగాదా వచ్చింది. 1892లో ఎవర్టన్ వాళ్లు మూటాముల్లె సర్దుకోని గుడిసన్ పార్క్ అనే తావుకి పోయి సొంత గ్రౌండు కట్టుకున్న్యారు. ఈయన కాడ గ్రౌండు మిగిలింది, ఆడేదానికి టీము లేదు. అందుకని కొత్త టీము పెట్టినాడు. అదే లివర్‌పూల్ ఎఫ్‌సీ. ప్రపంచమంతా తెలిసిన క్లబ్బు అట్ల గ్రౌండు తగాదాలో పుట్టింది.

అదే ఎవర్టన్ వాళ్లకి వందేళ్లు దాటినాక గుడిసన్ పార్క్ ఇరుకైపోయింది. కొత్త స్టేడియం కోసం వాళ్లు పడిన అగసాట్లు చూస్తే పర్మిషన్ అంటే ఏందో అర్థమైతాది.

మొదట కింగ్స్ డాక్ అనే తావు అనుకున్న్యారు. డబ్బులు కుదరక 2003లో అది పోయింది. తర్వాత ఊరి బయట కిర్క్‌బీ అనే తావులో, టెస్కో అనే పెద్ద అంగళ్ల కంపెనీతో కలిసి కడతామన్న్యారు. 2007లో అభిమానుల చేత ఓటేయించినారు. ఎక్కువ మంది సరే అన్న్యారు. "మా టీముని ఊరు దాటించొద్దు" అని ఇంకో గుంపు ఎదురు తిరిగింది. పై ప్రభుత్వం ఫైలు తన కాడికి తెప్పించుకోని, విచారణ జరిపి, 2009 నవంబరులో కుదరదు అనేసింది.

చివరికి నది ఒడ్డున బ్రామ్లీ-మూర్ డాక్. 1848 నాటి పాత రేవు. 2019 డిసెంబరులో దరఖాస్తు పెట్టినారు. 2021 ఫిబ్రవరిలో లివర్‌పూల్ కౌన్సిల్‌లో అందరూ ఒప్పుకున్న్యారు. పై ప్రభుత్వం ఈసారి అడ్డం పడలేదు. అయితే ఊరికే రాలేదు. రేవు చుట్టూ కట్టే కొత్త కట్టడాల వల్ల పాత రూపం చెడిపోతాందని యునెస్కో వాళ్లు 2021 జూలైలో లివర్‌పూల్‌ని ప్రపంచ వారసత్వ జాబితాలో నుంచి తీసేసినారు. దాంట్లో ఈ స్టేడియం పాత్ర కూడా ఉండాది. ఊరు ఒకటి పోగొట్టుకోని ఇంకోటి తెచ్చుకుంది. చివరికి 2025 ఆగస్టులో 52 వేల మందికి పైగా పట్టే కొత్త స్టేడియంలో మొదటి లీగ్ మ్యాచ్ ఆడి 2-0తో గెలిచినారు. 2003 నుంచి లెక్కేస్తే 22 ఏండ్లు.

ఇన్నేండ్లల్లో ఒక సంగతి గమనించాల. ఫైలు యాడుండాదో, ఎవురు వద్దన్న్యారో, ఎందుకు వద్దన్న్యారో వాళ్ల ఊర్లో చాయ్ తాగేవాడికి గూడా తెలుసు. దరఖాస్తు కాయితాలు జనం చూడొచ్చు, అభ్యంతరం రాసి ఇయ్యొచ్చు. ఇండ్లు దగ్గరుండేవాళ్లు బండ్లు యాడ నిలబెడతారని అడగొచ్చు. వాళ్లు చానా ఏండ్లు కాచుకోని ఉన్న్యారు, నిజమే. కానీ చీకట్లో కాచుకోని లేరు. మనం దేనికోసం కాచుకోని ఉండామో మనకే తెలీదు. తేడా ఆడే ఉండాది.

పర్మిషన్ అంటే లంచం కాయితమొకటే కాదు

మన కాడ పర్మిషన్ అనంగానే "తిప్పుతారు, డబ్బులు గుంజుతారు" అనుకుంటాం. ఆ బాధ ఉండేదే. కానీ దానికి ఇంకో పక్క ఉండాది.

1989 ఏప్రిల్ 15న ఇంగ్లండులో హిల్స్‌బరో స్టేడియంలో తొక్కిడి అయి 97 మంది లివర్‌పూల్ అభిమానుల ప్రాణాలు పోయినాయి. ఆ గ్రౌండుకి సేఫ్టీ సర్టిఫికెట్ ఉన్నింది. అది 1979లో ఇచ్చింది. ఆ మీదట గ్యాలరీలో మార్పులు చేసినారు గానీ సర్టిఫికెట్ మార్చలేదు. ఆ దుర్ఘటన తర్వాతే అక్కడి పెద్ద స్టేడియాలల్లో నిలబడి చూసే గ్యాలరీలు తీసేసి అందరికీ కుర్చీలు వేసినారు.

మనకి దగ్గర్లో చూస్తే 2025 జూన్ 4న బెంగళూరు చిన్నస్వామి స్టేడియం బయట క్రికెట్ కప్పు సంబరాలకి జనం ఎగబడి 11 మంది చచ్చిపోయినారు. అందరూ చిన్న వయసు వాళ్లే. విచారణ కమిషన్ ఆ స్టేడియం పెద్ద గుంపులకి తగింది కాదని చెప్పింది. కేరళలో మలప్పురం జిల్లా పూంగోడులో 2022 మార్చిలో సెవెన్స్ ఫుట్‌బాల్ మ్యాచ్‌కి కట్టిన తాత్కాలిక గ్యాలరీ కూలి చానా మందికి దెబ్బలు తగిలినాయి.

మనూర్లో జాతరకి, టోర్నమెంటుకి బొంగులు కట్టి పైన పలకలు ఏసి గ్యాలరీ అంటాం. దాని మీద ఎంత మంది ఎక్కొచ్చు, గేటు ఎంత వెడల్పుండాల, అంబులెన్స్ యాడ నుంచి రావాల అని ఎవురూ అడగరు. పర్మిషన్‌లో అడిగేది అదే. అందుకని పర్మిషనే వద్దు అనేది మన కోరిక కాకూడదు. అది తొందరగా, అందరి కండ్ల ముందర జరగాల అనేది కోరిక కావాల.

కప్పు కొట్టినా ఊరు దాటిపోయిన టీము

తెలుగోళ్ల ఫుట్‌బాల్ కత చిన్నదేం కాదు. హైదరాబాద్ సిటీ పోలీస్ టీము 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేండ్లు రోవర్స్ కప్పు కొట్టింది. ఆ టీముని తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ సారే దేశం టీముకి కోచ్ అయి, 1956 ఒలింపిక్స్‌లో నాలుగో తావుకి, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకానికి తీసకపోయినాడు. 'మైదాన్' సినిమా ఆయన మీద తీసిందే.

అంత పేరున్న ఊరికి చానా ఏండ్ల తర్వాత, 2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది. మొదటి ఏడాది ఆఖరి తావు. 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్ మీద పెనాల్టీల్లో గెలిచి ఐఎస్ఎల్ కప్పు ఎత్తింది. మరుసటేడు గూడా బాగానే ఆడింది. ఆ మీదట డబ్బుల కష్టం మొదలైంది. ఆటగాళ్లకి జీతాలు రాలేదు, మంచోళ్లంతా ఎళ్లిపోయినారు, టీము అట్టడుక్కి పడిపోయింది. ఓనర్లు మారినారు. 2025లో టీముని ఢిల్లీకి తీసకపోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అని పేరు మార్చేసినారు.

టీముని ముంచింది అప్పులే, గ్రౌండు కాదు. ఆ మాట ఒప్పుకోవాల. అయితే ఊరు ఇడిచి పోయేటప్పుడు దాన్ని పట్టి నిలబెట్టేదానికి హైదరాబాదులో ఏముండాది? ఆడే గచ్చిబౌలి స్టేడియం ప్రభుత్వానిది. ఓనర్లు బయటోళ్లు. అభిమానుల చేతిలో ఉన్న్యేది జెర్సీ, జెండా. ఇంతే. బాడిగ ఇల్లు ఖాళీ చేసేదానికి లారీ ఒకటి చాలు.

ఇంకో కత మన ఆంధ్రాదే. 2020లో దేశ ఫుట్‌బాల్ సమాఖ్య ఐ-లీగ్‌లోకి నేరుగా రెండు కొత్త టీములని తీసుకుంది. ఒకటి ఢిల్లీది. రెండోది విశాఖపట్నం పేరు మీద వచ్చిన శ్రీనిధి. వైజాగు పిల్లోళ్లు సంబరపడినారు. చివరికి ఆ టీము హైదరాబాదు పక్కన అజీజ్‌నగర్‌లో సొంతంగా చిన్న మైదానం కట్టుకోని, డెక్కన్ అరీనా అని పేరు పెట్టుకోని ఆడనే ఆడింది. 2022-23లో, 2023-24లో వరసగా రెండుసార్లు ఐ-లీగ్‌లో రెండో తావు. టీము సొంత నేల ఉండే కాడే నిలబడింది. పేరు రాసుకున్న ఊరికి మ్యాచ్‌లు దక్కలేదు.

దీనికి ఎదురు కత ఇంగ్లండులో వింబుల్డన్ అనే క్లబ్బుది. 1991లో సొంత గ్రౌండు ప్లౌ లేన్ ఇడిచిపెట్టి వేరే టీము గ్రౌండులో సర్దుకున్న్యారు. 2002లో ఆ క్లబ్బుని దూరంగా మిల్టన్ కీన్స్ ఊరికి మార్చేదానికి ఫుట్‌బాల్ సంఘం కమిషన్ పర్మిషన్ ఇచ్చేసింది. అభిమానులు ఏడ్చి ఊరుకోలేదు. ఆ ఎండాకాలమే సొంతంగా కొత్త క్లబ్బు పెట్టినారు. ఊరి మైదానంలో "ఆడేవాళ్లు రాండి" అని సెలెక్షన్లు పెట్టి, కింది స్థాయి లీగు నుంచి మొదలుబెట్టినారు. 2015లో స్థానిక కౌన్సిల్ కొత్త స్టేడియంకి సరే అనింది. కట్టేదానికి డబ్బులు చాలకపోతే అభిమానులే బాండ్లు కొని అప్పు ఇచ్చినారు. 2020 నవంబరులో పాత గ్రౌండుకి కూతవేటు దూరంలో, తొమ్మిది వేల మంది పట్టే స్టేడియంలో మొదటి మ్యాచ్. కరోనా వల్ల ఆ పొద్దు గ్యాలరీలో జనం లేరు. పద్దెనిమిదేండ్లు కాచుకున్నోళ్లు ఇంట్లో కూసోని టీవీలో చూసినారు. అయినా ఈరోజుకి ఆ క్లబ్బు అభిమానుల చేతిలోనే ఉండాది. ఎవురూ లారీ తెచ్చి ఎత్తకపోలేరు.

మనకి దగ్గర్లోనే చూడండి

ఇంగ్లండు దాకా పోనక్కరలేదు. అనంతపురం పోదాం. మనకంటే వానలు తక్కువ పడే తావు. 1969లో విన్సెంట్ ఫెర్రర్, ఆన్ ఫెర్రర్ మొదలుపెట్టిన ఆర్‌డీటీ సంస్థ ఆడ స్పోర్ట్స్ విలేజ్ కట్టింది. ఫుట్‌బాల్, హాకీ, క్రికెట్, టెన్నిస్ అన్నిటికీ గ్రౌండ్లు. 2010లో రఫెల్ నాదల్ పేరు మీద టెన్నిస్ కేంద్రం పెట్టినారు. 2024 సెప్టెంబరులో దులీప్ ట్రోఫీ మ్యాచ్‌లు ఆడ జరిగితే ఇండియా టీము ఆటగాళ్లు వచ్చి ఆడి పోయినారు. ఊర్ల టీములతో అనంతపురం ఫుట్‌బాల్ లీగ్ నడిపినారు. కూలి పనికి పోయే ఇండ్ల ఆడపిల్లోళ్లు బూట్లు ఏసుకోని గ్రౌండులోకి దిగినారు.

ఆడ ఐఎస్ఎల్ టీము లేదు. కోటీశ్వరుడు ఓనరు లేడు. ముందు గ్రౌండు వచ్చింది, దాని మీద టీములు మొలిచినాయి. మనం దాన్ని తిరగేసి ఆలోచిస్తాండాం. పెద్ద టీము రావాల, అది స్టేడియం కట్టాల, ఆ మీదట మనం ఆడాల అంటాం. అట్లయితే మన మనవళ్లు గూడా కాచుకోనే ఉంటారు.

మనకెంత నేల కావాల?

సేద్యం చేసే ఇండ్ల పిల్లోళ్లం గదా, లెక్క చూద్దాం. పెద్ద మ్యాచ్‌లు ఆడే ఫుట్‌బాల్ గ్రౌండు 105 మీటర్ల పొడువు, 68 మీటర్ల అడ్డం. అంటే 7,140 చదరపు మీటర్లు. ఎకరాకి 4,047 చదరపు మీటర్లు. రెండెకరాలు గూడా కాదు. చుట్టూ అయిదు మీటర్లు ఇడిస్తే సుమారు రెండెకరాల ఇరవై రెండు సెంట్లు. ఏడుగురు ఏడుగురు ఆడే చిన్న పిల్లోళ్ల గ్రౌండుకి అర ఎకరా చాలు.

మనకి కావలసింది పుంగనూరు ఆవు మాదిరి గ్రౌండు. పొట్టిది, తక్కువ మేతతో బతికేది, ఇంటి ముందరే ఉండేది. యాభై వేల కుర్చీలు కాదు. చదునైన నేల, చుట్టూ గోడ లేకపోతే కంచె, ఒక బోరు, ఆడపిల్లోళ్లకి మరుగుదొడ్డి, బట్టలు మార్చుకునే గది, సాయంత్రానికి నాలుగు లైట్లు. గోడ, మరుగుదొడ్డి లేకపోతే ఆడపిల్లోళ్లు రారు. అట్లాంటి గ్రౌండు సగం ఊరికే అయితాది.

ఆ నేల యాడ అంటారా? స్కూళ్ల, కాలేజీల గ్రౌండ్లు ఉండాయి. కానీ ఏ పార్టీ మీటింగైనా ఆడనే, ఎగ్జిబిషనైనా ఆడనే. షామియానా గుంజలకి తవ్విన గుంతలు ఎవురూ పూడ్చరు. మరుసటి రోజు ఆ గుంతలో కాలు ఇరిగేది ఆడుకునే పిల్లోడిది. "ఆట కోసం" అని కాయితం మీద రాసి లేని నేల ఎవురికి అవసరమైతే వాళ్లదే.

కాయితం ఎంత పెద్ద సంగతో మదనపల్లెలో ఉండేవాళ్లకి నేను చెప్పాల్సిన పని లేదు. 2024 జూలై 21 రాత్రి సబ్ కలెక్టర్ ఆఫీసులో నిప్పంటుకోని భూముల ఫైళ్లు కాలిపోయినాయి. సీఐడీ దాకా పోయింది. ఆ రోజుతో మనకి తెలిసిపోయింది, నేల యాడికీ పోదు గానీ దాని కాయితం పోవచ్చు అని.

ఇప్పుడేం చేయాల?

ఒకటి. మీ ఊర్లో ఆడుకునే తావు సర్వే నంబరు కనుక్కోండి. అడంగల్‌లో అది ఏమని రాసుండాదో చూడండి. స్కూలుదా, పంచాయతీదా, ప్రభుత్వ బంజరా, ప్రైవేటుదా? 22ఏ జాబితాలో ఉండాదా? చెరువు పోరంబోకు అయితే దాని జోలికి పోవద్దు. చెరువులు, ఊరి ఉమ్మడి నేలలు ఆక్రమణల నుంచి కాపాడాలని సుప్రీంకోర్టు 2011లోనే రాష్ట్రాలన్నిటికీ చెప్పింది. నీళ్లు ఆగే తావులో గ్రౌండు అడిగితే రైతులకీ మనకీ తగాదా.

రెండు. సంఘం రిజిస్టరు చేయండి. ఆంధ్రప్రదేశ్ సొసైటీల చట్టం 2001 ప్రకారం ఏడుగురుంటే చాలు. ఫుట్‌బాల్ టీములోనే పదకొండు మంది ఉంటారు. ఒక్కడు పోయి అడిగితే "చూద్దాం లే" అంటారు. సంఘం పేరుతో రాసిస్తే దానికి నంబరు పడతాది.

మూడు. గ్రామసభలో తీర్మానం పెట్టించండి. "ఫలానా సర్వే నంబరులో ఇన్ని సెంట్లు ఆట మైదానానికి" అని రాయించండి. దాన్ని తీసుకోని తహసీల్దారు, సబ్ కలెక్టర్, కలెక్టర్ అని మెట్టుమెట్టుగా పోవాల. సోమవారం అర్జీలు తీసుకునే కాడ ఇచ్చి రసీదు అడగండి. మూడు నెలలకి ఉలుకూ పలుకూ లేకపోతే సమాచార హక్కు చట్టం కింద "మా ఫైలు యాడుండాది, ఎవురి టేబులు మీదుండాది" అని అడగండి.

నాలుగు. స్కూలు గ్రౌండు అయితే హెడ్‌మాస్టర్‌తో, తల్లిదండ్రుల కమిటీతో మాట్లాడుకోండి. బడి టైము దాటినాక ఆడుకుంటాం, గ్రౌండు శుభ్రం మాదే, గుంతలు పూడ్చేది మాదే అని రాసియ్యండి. ముందు మనం బాధ్యత తీసుకుంటే అడిగే నోటికి బలం వస్తాది. పరుగు పందేలోళ్లని, కబడ్డీ వాళ్లని, క్రికెట్ వాళ్లని కలుపుకోండి, ఎవురికి ఏ టైమో రాసుకోండి. కంఠీరవ కొట్లాట మనకొద్దు.

అయిదు. ఎలక్షన్లల్లో ఓటు అడిగేదానికి వచ్చినోళ్లని "స్టేడియం కట్టిస్తావా?" అని అడగొద్దండి. కట్టిస్తాం అనేస్తారు. నోటి మాటకి ఏం ఖర్చు? "ఫలానా సర్వే నంబరు నేలని ఆటకి రాసిచ్చే ఉత్తర్వు ఎప్పటికి తెస్తావు?" అని అడగండి. శంకుస్థాపన బండ కంటే ఆ ఉత్తర్వు కాపీ విలువైంది.

కుప్పంలో ఉండే తమ్ముడు బెంగళూరు పోయి మ్యాచ్ చూడొద్దనేది నా మాట కాదు. పోండి, గొంతు పోయేదాకా అరవండి. పుంగనూరులో చెల్లెలు అర్జెంటీనా జెర్సీ ఏసుకోని తిరగనీ. కానీ ఆ టీముల స్టేడియాల గురించి మన మాట ఎవురూ అడగరు. మనూర్లో రెండెకరాల గురించి అడగాల్సింది, చెప్పాల్సింది మనమే. వచ్చే గ్రామసభ ఎప్పుడో మీ పంచాయతీ సెక్రటరీని అడిగి, ఆ తేదీ మీ టీము గ్రూపులో పెట్టండి.